ఇల్లు – లోకము: ఈ పొగ యెవరి పద్దు?

ఇంటి జమాఖర్చులు వ్రాయు గృహిణికి దొంగలెక్క యననెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక యింట పండుగకు అరిసెలు, జంతికలు, సున్నియుండలు ఇంటనే వండుదురు. వారి గ్యాసుబండ నెల తిరుగకమునుపే అయిపోవును. పొరుగింటివారు అవియే పిండివంటలను మిఠాయి దుకాణమునుండి తెప్పించుకొందురు. వారి బండ రెండు మాసములు వచ్చును. ఈ పొరుగింటివారు "మేమెంత పొదుపరులమో చూడుడు" అని చెప్పుకొనినచో వినువారు నవ్వరా? పొయ్యి మండకపోలేదు, దుకాణదారుని వెనుకగదిలో మండినది. తిన్నది వీరు, పొగ సోకినది వేఱొకరికి.

ఇట్టి లెక్కనే లోకమునందలి మహానగరములు పెక్కు సంవత్సరములుగ వ్రాసికొనుచు వచ్చినవి. భూగోళము వేడెక్కుటకు ఏ నగరము ఎంత కారణమో తేల్చునపుడు, తన పొలిమేరలలో మండిన దానిని మాత్రమే లెక్కించుకొని, పరస్థలములనుండి తెప్పించుకొని వాడిన వస్తువుల పొగను లెక్కలోనికి రానీయకుండుట వాడుకయైనది. ఇటీవల కొన్ని నగరములు ఈ లోపమును దిద్దుకొనుచున్నవి. పైకి ఇది పండితుల గణితమువలె కనబడును గాని, ఇందలి అంకెలన్నియు అన్నము, బట్ట, ఇల్లు, ప్రయాణము అను నాలుగింటినుండియే పుట్టుచున్నవి. కావున ఈ మాసమున ఈ సంగతిని మా సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మొట్టమొదట పొగ యననేమో చెప్పెదము. బొగ్గు, పెట్రోలు, గ్యాసు మండినపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. నీరు నిలిచిన వరిమడులనుండియు, నెమరువేయు పశువుల కడుపులనుండియు, కుళ్లిన చెత్తకుప్పలనుండియు మీథేను అను మఱియొక వాయువు వెలువడును. కంటికి కనబడని ఈ వాయువులు భూమిపై దుప్పటివలె క్రమ్ముకొని వేడిమిని పైకి పోనీయవు. అన్నిటి బలము ఒక్కటి కాదు. నూఱేండ్ల కాలమునకు లెక్కించినచో, ఒక టన్ను మీథేను సుమారు 28 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానముగ వేడిని నిలుపును. వీసెలను, సేర్లను కిలోలలోనికి మార్చినట్లు, శాస్త్రజ్ఞులు ఈ వాయువులన్నిటిని బొగ్గుపులుసు వాయువు టన్నులలోనికి మార్చి కూడుదురు. ఈ వ్యాసమున మేము పొగ యనిన ఆ కూడిక యని గ్రహింపవలెను.

నగరములు ఈ పొగను లెక్కించు పద్ధతులు రెండు. మొదటిదానికి పొలిమేర లెక్క యని పేరుపెట్టుకొందము. నగరపు ఎల్లలలో తిరుగు బండ్లెన్ని, ఇండ్లలో కాలు గ్యాసెంత, కుళ్లు చెత్తయెంత, నగరమునకు వచ్చు విద్యుత్తును పుట్టించుటకు ఎచ్చటనో కాలిన బొగ్గెంత, ఇవియన్నియు ఇందు చేరును. లోకమునందలి నగరములన్నియు ఒకే తీరున వ్రాసికొనుటకై 2014 సంవత్సరమున ఈ లెక్కకు ఒక నియమావళి యేర్పడినది. ఇది పనికిరానిదని మేమనము. వీధులు, బస్సులు, చెత్త పురపాలక సంఘము చేతిలోనివి. తన చేతిలోని పొగను కొలుచుకొనిననే గదా తగ్గింపగలుగుట! కాని ఆ నగరవాసి ధరించు చొక్కాను నేసిన మిల్లు, అతని మేడకు వచ్చిన సిమెంటు కాలిన బట్టీ, అతని చేతిఫోను పుట్టిన కర్మాగారము పొలిమేర వెలుపల నున్నచో, వాని పొగ ఈ పుస్తకములోనికి రాదు.

రెండవది వాడుక లెక్క. ఇందు పొగ ఎచ్చట వెలువడెనని విచారింపరు. ఎవరి కొఱకు వెలువడెనని విచారింతురు. చొక్కా ఎక్కడ నేసినను, తొడుగుకొనినవాని నగరపు పద్దులో దాని పొగ పడును. దీనికి సరితూకముగ, నగరములో తయారై పరులకు అమ్ముడుపోయిన వస్తువు పొగ ఆ నగరపు పద్దునుండి తొలగి కొనినవారి పద్దునకు పోవును.

లండను నగరపు సంగతి చూడుడు. 2013 సంవత్సరమున బ్రిటిషు ప్రమాణముల సంస్థ నగరముల పొగను కొలుచుటకు ఒక ప్రమాణమును ప్రకటించినది. దానిని అనుసరించి లండనువారు 2010 సంవత్సరపు పొగను రెండు విధములుగ లెక్కించిరి. నగరములో వెలువడినదానికి విద్యుత్తు, నీరు, ఆహారము, కట్టడపు సామగ్రి మొదలగు ముఖ్యమైన సరఫరాల పొగను మాత్రము చేర్చినపుడు సుమారు 8 కోట్ల 10 లక్షల టన్నులు తేలినది. నగరవాసులు వాడినదంతయు లెక్కించినపుడు అది సుమారు 11 కోట్ల 40 లక్షల టన్నులయ్యెను. నగరమొక్కటే, సంవత్సరమొక్కటే; పద్దు వ్రాసిన తీరు మాత్రమే మాఱినది.

లండనొక్కటే యిట్టిది కాదు. వాతావరణ రక్షణకై మహానగరములు కలిసి యేర్పఱచుకొనిన సి-40 అను కూటమి 2018 సంవత్సరమున 79 నగరముల లెక్కను ప్రకటించినది. పొలిమేర లెక్కను అనుసరించి వాని మొత్తము పొగ 220 కోట్ల టన్నులు; వాడుక లెక్కను అనుసరించి 350 కోట్ల టన్నులు. అనగా నూటికి 60 వంతులు హెచ్చు. 79 నగరములలో 63 నగరములకు వాడుక లెక్కయే పెద్దదిగ తేలినది. తక్కిన 16 నగరములకు మాత్రము అది తగ్గినది; వానిలో పెక్కు దక్షిణాసియా, ఆగ్నేయాసియా, ఆఫ్రికా ప్రాంతములలోనివి. దీని భావమేమి? ధనవంతమైన నగరములు వాడుచున్నవి. వారి కొఱకు బీదదేశముల పట్టణములు పొగలో పనిచేయుచున్నవి. పొలిమేర లెక్కలో మొదటివారు శుభ్రముగను, రెండవవారు మలినముగను కనబడుచున్నారు.

మన తెలుగునాటనే దీనికి తార్కాణము కలదు. భీమవరము ప్రాంతమున రొయ్యల చెరువులను చూడని వారరుదు. నీటికి గాలి యందించుటకై ఆ చెరువులలో రేయింబవళ్లు చక్రములు త్రిప్పుదురు. వానికి విద్యుత్తు కావలెను. విద్యుత్తు పోయినపుడు డీజిలు కాల్చవలెను. పట్టిన రొయ్యలను గడ్డకట్టించి, ఆ చలి చెడకుండ ఓడలలో అమెరికా మొదలగు దేశములకు పంపుదురు. పొలిమేర లెక్కలో ఆ చక్రముల పొగ గోదావరి జిల్లాలది. న్యూయార్కులో బల్లముందు కూర్చుండి ఆ రొయ్యను తిన్నవాని నగరమునకు దానితో సంబంధమే లేదు. వాడుక లెక్కలో ఆ పొగ రొయ్యను వెంబడించి సముద్రము దాటి, తిన్నవాని విస్తరియొద్ద నిలుచును. ఈ రెండవది ధర్మమునకు దగ్గఱగ నున్నదని మా సోదరీమణులు ఒప్పుకొందురని తలంచుచున్నాము.

అయినను కోటిమంది కొను లక్ష వస్తువుల పొగను ఎవరు కొలువగలరను సందేహము కలుగవచ్చును. ఇంటింటికి పోయి కొలుచుట అసాధ్యమే. రష్యాలో పెరిగి అమెరికాలో స్థిరపడిన అర్థశాస్త్రవేత్త వాసిలీ లియొంటీఫ్ 1936 సంవత్సరమున ఒక పట్టికను ప్రచురించెను. ఒక రూపాయి బట్ట తయారగుటకు ఎన్ని పైసల ప్రత్తి, ఎన్ని పైసల బొగ్గు, ఎన్ని పైసల రవాణా కావలెనో, ఆ బొగ్గు త్రవ్వుటకు మరల ఎన్ని పైసల యంత్రములు కావలెనో, ఈ విధముగ ఒక పరిశ్రమ మఱియొక పరిశ్రమనుండి తీసికొను సరకునంతయు అట్టి పట్టికలో గళ్లుగళ్లుగ వ్రాయుదురు. ఈ కృషికి ఆయనకు 1973 సంవత్సరమున నోబెలు బహుమానము లభించినది. ఒక్కొక్క పరిశ్రమ వదలు పొగను ఆ పట్టికకు జతచేసినచో, బట్టపై పెట్టిన ఒక్క రూపాయికి ఎంత పొగయో, బియ్యముపై పెట్టిన రూపాయికి ఎంత పొగయో తేలును. ఇక కుటుంబములు దేనికెంత వ్యయపఱచుచున్నవో తెలిసిన చాలును, హెచ్చవేసి కూడుటయే. మన దేశమునందును 2022–23, 2023–24 సంవత్సరములలో ప్రభుత్వమువారు ఇండ్ల వాడుక ఖర్చులను విచారించి వ్రాసికొనిరి. గృహిణి "ఈ నెల నూనెకింత, కూరలకింత" అని చెప్పిన మాటయే ఇట్టి మహాగణితమునకు మూలధనమన్నమాట.

ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. దానిని స్త్రీలే సులభముగ పట్టగలరు. పదివేల రూపాయలు పెట్టి ఒక పోచంపల్లి చేనేత పట్టుచీర కొనిన యామెయు, వేయేసి రూపాయల మిల్లు చీరలు పది కొనిన యామెయు వ్యయపఱచినది సమానమే. రూపాయికింత పొగ యని బట్టలన్నిటిని ఒకే గాట కట్టినచో ఇరువురి పద్దును సమానమే యగును. కాని నేతగాని మగ్గము చేతితోను కాలితోను ఆడును. దానికి విద్యుత్తు అక్కఱలేదు. ఆ చీర బీరువాలో ఇరువదియేండ్లు నిలిచి కూతురికి సంక్రమించును. పదింటిలో ఎన్ని చీరలు అంతకాలము నిలుచును? కావున ముఖ్యమైన వస్తువులను రూపాయలతో గాక, తూకముతోను, తయారైన తీరుతోను కొలుచుట మేలని ఈ శాస్త్రజ్ఞులే చెప్పుచున్నారు. వాడుక లెక్క త్రాసువంటిది కాదు. ఎక్కడ భారము హెచ్చో చూపు దీపమువంటిది.

ఆ దీపము ఎక్కడెక్కడ వెలుగు ప్రసరించినదో చూతము. అదే నగరకూటమి 2019 సంవత్సరమున ప్రకటించిన మఱియొక గ్రంథములో, తగ్గింపదగినవి ఆఱు దినుసులని చెప్పబడినది: ఆహారము, కట్టడములు, బట్టలు, సొంత బండ్లు, విమాన ప్రయాణము, విద్యుత్పరికరములు. 2017 సంవత్సరమునందు ఆ నగరముల వాడుక పొగలో ఆహారము నూటికి 13 వంతులు, కట్టడములు 11 వంతులు, సొంత బండ్లు 8 వంతులు, బట్టలు 4 వంతులని వారి లెక్క. వాడుకకు ఒక మేర యుండవలెనని తలంచి, మనిషికి సంవత్సరమునకు 8 క్రొత్త బట్టలు, ఇంకను గట్టిగ పట్టుదల వహించినచో 3 మాత్రమే యని వారు ఒక గుఱుతును నిలిపిరి. కంప్యూటరు వంటి పరికరమును 7 సంవత్సరములైన వాడవలెననిరి. ఇది శాసనము కాదు, కొలుచుకొనుటకు గీచిన గీత మాత్రమే. సంవత్సరమునకు రెండు చీరలు, పండుగకు పిల్లలకొక జత కుట్టించుకొను మన సామాన్య గృహములకు ఈ గీతను చూచి భయపడవలసినదేమియు లేదు. పెండ్లికొక దుస్తు, దాని ఫోటోకొక దుస్తు అను క్రొత్త పోకడ పట్టినవారు మాత్రము ఒక్కసారి బీరువా తెఱచి లెక్కపెట్టుకొనవచ్చును.

కొలుచుటతో ఆగక పనికి పూనుకొనిన నగరములును కలవు. న్యూయార్కు నగరము 2023 సంవత్సరపు ఏప్రిలు మాసమున తన వాడుక లెక్కను ప్రకటించినది. అందు కట్టడములు, రవాణాల తరువాత మూడవ స్థానము ఆహారమునకు వచ్చినది. మొత్తము పొగలో సుమారు అయిదవవంతు అన్నపు పళ్లెమునుండియే! నగర ప్రభుత్వము తాను కొను ఆహారపు పొగను 2030 నాటికి నూటికి 33 వంతులు తగ్గింతునని ప్రతిజ్ఞ చేసినది. అంతకు ముందే, 2022 సంవత్సరమున, అచ్చటి ప్రభుత్వ వైద్యశాలలు పదునొకండింటిలో ఒక మార్పు జరిగినది. రోగికి మొట్టమొదట శాకాహారపు వంటకమునే చూపుదురు. మాంసము కావలెనని యడిగినవారికి మాంసమును పెట్టుదురు. ఎవరిని నిర్బంధింపలేదు. వండువారు రుచిగ వండిరి. తినువారిలో నూటికి 90 మంది తృప్తిపడిరి. 2023 సంవత్సరమున ఆ వైద్యశాలల ఆహారపు పొగ నూటికి 36 వంతులు తగ్గినదని నగరమువారు తెలిపిరి. పప్పు, కూర, పచ్చడితో అన్నము తిను మనకు ఇది వింతగా తోచవచ్చును. నిత్యము గొడ్డుమాంసము తిను దేశమున అది సామాన్యమైన మార్పు కాదు.

ఇటలీదేశమునందలి మిలాను నగరము మఱియొక త్రోవ త్రొక్కినది. 2015 సంవత్సరమున అనేక నగరములను పిలిచి ఆహార విషయమై ఒక ఒడంబడిక చేయించినది. 2019 మొదలు పేటపేటకు ఒక కేంద్రమును నెలకొల్పి, దుకాణములలోను, కచేరీల భోజనశాలలలోను మిగిలిన మంచి ఆహారమును ఏరోజు కారోజు సేకరించి, లేని వారికి చేర్చుచున్నది. ఒక్కొక్క కేంద్రము సంవత్సరమునకు సుమారు 130 టన్నుల ఆహారమును కుప్పపాలు కాకుండ కాపాడుచున్నదని లెక్క. ఇందుకు ఆ నగరమునకు 2021 సంవత్సరమున ఎర్త్‌షాట్ బహుమానము లభించినది. మెతుకు పాఱవేయరాదని మన ముత్తవలు నేర్పిన నీతినే అచ్చటి పురపాలక సంఘము కార్యాలయపు నియమముగ చేసినది.

పాఱవేసిన అన్నమనిన అల్పముగ తలంపరాదు. ఐక్యరాజ్యసమితివారి లెక్కప్రకారము 2022 సంవత్సరమున లోకములో 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. అందు నూటికి 60 వంతులు ఇండ్లలోనే. ఒక గిన్నెడు అన్నమును చెత్తలో వేసినపుడు మడిలో పుట్టిన మీథేను, ఎరువు తయారీకి కాలిన గ్యాసు, మిల్లు ఆడిన విద్యుత్తు, మన పొయ్యి మంట, తుదకు కుప్పలో కుళ్లి వెలువడు మీథేను, ఇన్నియు వ్యర్థమైనట్లే. ఇందుకు ఉపాయము రెండు చోట్ల కలదు. ఇంట తినువారిని లెక్కించి కుండ పెట్టుట మన పని. మడిలో నీరు ఎల్లప్పుడు నిలుపక ఆరుతడి పద్ధతిని పండించినచో మీథేను బాగుగ తగ్గును. ఆ రైతునకు శిక్షణయు, గిట్టుబాటు ధరయు దొరకునట్లు చేయుట ప్రభుత్వపు పని.

ఇచ్చట రెండు ఆక్షేపణలు వచ్చును. "లండనువారు చొక్కాలు కొనుట మానినచో, వానిని కుట్టు మన ఆడపడుచుల గతియేమి?" అనునది మొదటిది. ఇది త్రోసివేయరాని ప్రశ్న. కొనువాడు హఠాత్తుగ చేయి ముడుచుకొనుట ధర్మము కాదు. ఇన్నాళ్లు చవుకగ కొని పొగను మనకు వదలినవాడు, ఇకమీదట తక్కువ వస్త్రములను ఎక్కువ ధరకు కొని, కుట్టినవారికి తగిన కూలి చేరునట్లును, మిల్లునకు సూర్యశక్తి యేర్పాటగునట్లును చూడవలెను. వాడుక లెక్క వలని నిజమైన ప్రయోజనమిదియే. భాగస్వామి యెవరో తెలిసిననే గదా ఖర్చు పంచుకొమ్మని యడుగుట! అట్లని పరులనే నిందించుచు మన మిల్లుల పొగను విడిచిపెట్టరాదు. తయారు చేయువాని పద్దును, వాడువాని పద్దును రెండును వ్రాయవలసినదే. కాని రెంటిని కలిపి కూడరాదు. కూడినచో ఒక్క పొగయే రెండుమార్లు లెక్కకు వచ్చును.

రెండవ ఆక్షేపణ మా హృదయమునకు మఱింత దగ్గఱిది. అన్నము, బట్ట, ఇల్లు అనిన వెంటనే లోకము స్త్రీ వంక వ్రేలు చూపును. కొనునది ఆమె, వండునది ఆమె, కావున పొగ తగ్గించుటయు ఆమె పనియే యని తేల్చివేయుట సులభము. ఇది మేమొప్పుకొనజాలము. ఇంటి బండి యేది కొనవలెనో, మేడకు ఎన్ని అంతస్తులు వేయవలెనో, ఏటికెన్నిమార్లు విమానమెక్కవలెనో పెక్కు గృహములలో ఆమె నిర్ణయించుట లేదు. బస్సు రాని పేటలో కాపురమున్న గృహిణిని మోటారెక్కవద్దనుట యెట్లు? మఱియు వాడుకలో సమానత్వము లేదు. 1990 మొదలు 2015 వఱకు లోకములో వెలువడిన బొగ్గుపులుసు వాయువులో సగమునకు పైగా, ధనవంతులైన పదోవంతు జనుల వాడుక వలననే యని ఆక్స్‌ఫామ్ సంస్థ 2020 సంవత్సరమున లెక్కించి చూపినది. నగరకూటమివారును, సంపన్న నగరములే తమ వాడుక పొగను పది సంవత్సరములలో మూడింట రెండువంతులు తగ్గింపవలెనని చెప్పిరి గాని, బీద నగరములపై ఆ భారము నుంచలేదు. ఒంటి బల్బు వెలుగులో చదువుకొను పిల్లకు రెండవ బల్బు కావలెను. నాలుగు గదులకు నాలుగు చల్లని యంత్రములున్న యింటనే తగ్గింపు మొదలు కావలెను. ఈ తారతమ్యము హైదరాబాదునకును, విశాఖపట్టణమునకును లోపలలోపలను వర్తించును.

కావున గృహిణి చేయదగినది రెండు విధములు. ఇంటిలో: వండునది కొలిచి వండుట, చిరిగినది కుట్టుట, పనిచేయు ఫోనును పాతబడినదని మార్చకుండుట, కొనిన బట్ట నిలుచునట్టిదిగ కొనుట. ఇవి క్రొత్తవి కావు. ఇంటి పొదుపుతో లోకపు మేలును కలిసివచ్చును. ఇంటి వెలుపల: పిల్లల బడిలో మధ్యాహ్న భోజనము ఎంత మిగులుచున్నదని అడుగుట, వార్డు సభలలో పేటకు బస్సు కావలెననుట, పురపాలక సంఘము కట్టించు భవనమునకు పాతది బాగుచేయుట చాలదా యని ప్రశ్నించుట. సిమెంటు, ఇనుము పద్దులు పెద్దవి. అచ్చట ఒక్క మేడ మానినచో వేయి గృహిణులు వేయి దినములు చేసిన పొదుపుకంటె హెచ్చు కలిసివచ్చును. మీ నగరపు పొగ లెక్క యెక్కడ, అందు పొలిమేర వెలుపలిది చేరినదా యని సభ్యులనడుగు హక్కు పన్ను కట్టు ప్రతి యింటికిని కలదు.

పద్దు సరిగ వ్రాసిన యింట అప్పు దాగదు. నగరమునకును ఇదియే న్యాయము. తన కొఱకు ఎచ్చటెచ్చట పొయ్యిలు మండుచున్నవో ఎఱిగిన నగరము, వానిలో ఏవి యార్పవచ్చునో, ఏవి పొగలేని పొయ్యిలుగ మార్పించుటకు తన ధనమునుండి సాయమంపవలెనో విచారింపగలదు. ఎఱుగని నగరము తన వీధులను ఊడ్చుకొని, శుభ్రముగ నున్నానని మురిసిపోవుచుండును. మా సోదరీమణులు తమ పట్టణము ఈ రెంటిలో ఏ తెగకు చేరినదో విచారించి, తెలిసికొనిన సంగతులను ఇరుగుపొరుగులతో ముచ్చటింతురు గాక.